ఆపరేషన్ మధ్యలో కాలు లాక్కున్నారట, ఆయనకేమో ఏమీ తెలీదట. మత్తు ఎక్కేది మెదడుకా, వెన్నుపాముకా?

గోదారిగట్టు
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్ళు. మొన్న గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషన్ అయింది, కెమెరా పెట్టి చేసేది, పూర్తి మత్తు ఇచ్చారు. అంతా బాగానే జరిగింది, మూడో రోజుకి ఇంటికొచ్చేశాం. బయల్దేరే ముందు థియేటర్లో పనిచేసే కుర్రాడు, మా వీధివాడే, మాటల మధ్యలో "మీ నాన్నగారు ఒకసారి కాలు లాక్కున్నారండీ, మత్తు డాక్టరమ్మ వెంటనే మందు వేశారు" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు, నాకు మాత్రం అప్పట్నుంచీ టెన్షనే. కదిలారంటే మెలకువ వచ్చినట్టే కదా, మెలకువ వస్తే కోస్తున్నప్పుడు నొప్పి తెలిసే ఉంటుంది కదా? నాన్నని అడిగితే "మూతి మీద మాస్కు పెట్టారు, తర్వాత చూస్తే మంచం మీదున్నాను, మధ్యలో ఏమీ లేదురా, నీ గోలేంటి" అంటున్నారు. ఉన్నది దాచే మనిషి కాదాయన. మరి ఆయనకి తెలియకపోతే ఆ కాలు లాగింది ఎవరు?

కొత్తమెంబర్41
శనివారం, రాత్రి 9:58

ఇంకెవరు, మత్తు సరిపోలేదు అంతే. డబ్బులు లక్షల్లో తీసుకుంటారు, మందు మాత్రం చుక్కలు లెక్కపెట్టి ఇస్తారు. లాయర్ని కలవండి బ్రో.

సూదిమందు
శనివారం, రాత్రి 10:35

లాయర్ సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు కాలు సంగతి చూద్దాం. నేను మత్తు డాక్టర్ని, విశాఖలో 19 ఏళ్ళుగా ఇదే పని. మీ నాన్నగారి కేసు షీటు చూడకుండా ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. మామూలుగా ఏం జరుగుతుందో చెబుతాను.

జనం "మత్తు" అని ఒకే మాట అంటారు గానీ మేం చేసేవి మూడు వేర్వేరు పనులు. తెలివి పోగొట్టడం ఒకటి, నొప్పి తగ్గించడం ఒకటి, కండరాలు వదులు చెయ్యడం ఒకటి. మూడింటికీ మూడు మందులు, ఒక్కొక్కటి ఒక్కో టైముకి తగ్గుతుంది. పొట్టలో గ్యాసు నింపి చేసే ఆపరేషన్‌లో కండరాల మందు అరగంటకో ముప్పావుగంటకో మళ్ళీ వెయ్యాల్సి వస్తుంది. అది కాస్త తగ్గిన నిమిషంలో సర్జన్ లోపల ఏదో లాగితే మోకాలు మడతపడటం మేం అప్పుడప్పుడూ చూసేదే.

ఇంకో సంగతి. మత్తు గ్యాసుల బలానికి మాకు 1960ల నుంచి ఒక కొలత ఉంది, మాక్ అంటాం. చర్మం మీద కత్తి పెట్టినప్పుడు వందమందిలో యాభైమంది కదలకుండా ఉండాలంటే ఊపిరితిత్తుల్లో ఎంత శాతం గ్యాసు ఉండాలి అన్నదే ఆ కొలత. ఐసోఫ్లూరేన్‌కి దాదాపు 1.2, సీవోఫ్లూరేన్‌కి దాదాపు 2. అంటే ఆ మోతాదులో మిగతా యాభైమంది కదులుతారని కొలతలోనే ఉంది! కానీ మనిషి పిలిస్తే పలకని స్థితికి రావడానికి అందులో మూడోవంతు గ్యాసు చాలు. తెలివి ముందే పోతుంది, కదలిక చాలా తర్వాత పోతుంది. ఈ మధ్యలో ఉన్న ఖాళీలోనే మీ నాన్నగారి కాలు కదిలి ఉంటుంది.

భయపడాల్సింది నిజానికి దీనికి తిరగేసిన పరిస్థితికి. మెలకువ ఉండి కదల్లేకపోవడానికి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో పెద్ద సర్వే చేసి 2014లో బయటపెట్టారు. పూర్తి మత్తులో మెలకువ వచ్చిందని తర్వాత చెప్పినవాళ్ళు సుమారు 19,000 మందిలో ఒకరు. కండరాల మందు వాడిన కేసుల్లో 8,000కి ఒకరు, వాడని వాటిలో 1,36,000కి ఒకరు. కదిలే వీలున్నవాడు కదిలి మాకు చెబుతాడు, వీలు లేనివాడు చెప్పలేడు, అదీ తేడా.

గోదారిగట్టు
శనివారం, రాత్రి 10:51

డాక్టర్ గారూ చాలా థాంక్స్, సగం భారం దిగింది. మిగతా సగం ఏంటంటే, మెదడుకి తెలివే లేనప్పుడు కాలుని లాక్కోమని ఆర్డర్ ఇచ్చింది ఎవరు? నిప్పు తగిలితే "అమ్మో" అనుకుని చెయ్యి తీస్తాం. ఆ "అమ్మో" లేకుండా చెయ్యి ఎలా కదులుతుంది?

ఫిజియాలజీపంతులు
ఆదివారం, ఉదయం 6:15

చెయ్యి ముందు కదులుతుంది నాయనా, "అమ్మో" తర్వాత వస్తుంది. మన అనుభవంలో అది తలకిందులుగా గుర్తుంటుంది, అంతే.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో ప్రాక్టికల్స్‌లో ఒక కప్ప ఉండేది. మెదడు తీసేసి వెన్నుపాము మాత్రం ఉంచిన కప్ప. దాన్ని స్టాండుకి వేలాడదీసి, పలచటి యాసిడ్‌లో ముంచిన చిన్న కాగితం ముక్క తొడ మీద అంటిస్తే, ఆ కప్ప కాలు ఎత్తి కాగితాన్ని తుడిచి పారేసేది! మెదడే లేదు. అయినా ఎక్కడ మండుతోందో, దేనితో తుడవాలో ఆ వేలెడంత వెన్నుపాముకి తెలుసు. మొదటిసారి చూసినప్పుడు ఆడపిల్లలకంటే మగపిల్లలే ఎక్కువ బిత్తరపోయేవాళ్ళు.

మత్తు విషయంలో ఇదే ప్రశ్న 1993 వరకూ ఎవరూ గట్టిగా అడగలేదు. మత్తు మెదడుకే ఎక్కుతుంది, అందుకే మనిషి కదలడు అని అందరూ అనుకున్నారు. అప్పుడు అమెరికాలో రాంపిల్ అనే ఆయన ఎలుకల్లో పెద్దమెదడు తీసేసి కొలిచి చూశాడు. కదలకుండా ఉండటానికి కావలసిన గ్యాసు మోతాదు మారలేదు. మెదడు ఉన్నా లేకపోయినా ఒకటే లెక్క. ఆ తర్వాత వెన్నుపాముని పైభాగంలో మెదడు నుంచి విడదీసి చూసినా అంతే.

అదే ఏడు కాలిఫోర్నియాలో ఆంటోగ్నినీ, ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఇంకా గడుసు పని చేశారు. మేకల్ని తీసుకున్నారు. మేకలే ఎందుకంటే, వాటి మెదడుకి రక్తం వెళ్ళే దారిని ఒంటికి వెళ్ళే దారి నుంచి వేరు చెయ్యడానికి వీలుంటుంది, మనలో అంత సులువు కాదు. యంత్రం పెట్టి మెదడుకి వెళ్ళే రక్తంలో మాత్రమే ఐసోఫ్లూరేన్ కలిపారు. మేక మొత్తానికి మత్తు ఇస్తే కదలకుండా ఉండటానికి 1.2 శాతం సరిపోయింది. ఒక్క మెదడుకే ఇస్తే 2.9 శాతం దాకా పోవాల్సి వచ్చింది! అంటే మనిషిని బల్ల మీద కదలకుండా పడుకోబెడుతున్నది ప్రధానంగా వెన్నుపాము మీద పడ్డ మత్తు. తెలివి, జ్ఞాపకం పోయేది మాత్రం మెదడు మీద పడ్డ మత్తు వల్ల. ఒకే గ్యాసు, రెండు అంతస్తులు, పై అంతస్తులో దీపం ముందు ఆరిపోతుంది.

మీ నాన్నగారి పై అంతస్తు చీకటిగానే ఉంది. కింది వాచ్‌మన్ ఒకసారి దగ్గాడు, అంతే.

చార్మినార్‌చాయ్
ఆదివారం, ఉదయం 8:20

వాచ్‌మన్ దగ్గాడు 😂 పంతులుగారూ సలాం.

మత్తు అంటే గుర్తొచ్చింది, మన హైదరాబాద్‌కి ఇందులో పెద్ద చరిత్రే ఉంది, ఇక్కడ ఎంతమందికి తెలుసో. 1888లో, మళ్ళీ 1889లో నిజాం డబ్బుతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. క్లోరోఫామ్‌తో మనిషి చచ్చిపోతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని తేల్చడానికి వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ దాని వెనక మనిషి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఊపిరే ముందు ఆగుతుంది, దాన్ని చూసుకుంటే చాలు అని తేల్చారు. తర్వాత గుండె కూడా ఉన్నట్టుండి ఆగుతుందని 1911లో లెవీ అనే ఆయన చూపించడంతో ఆ వాదన వీగిపోయిందనుకోండి. ఆ రోజుల్లో అక్కడ క్లోరోఫామ్ ఇచ్చినవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఉన్నారు, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా ఆమె పేరు చెబుతారు.

మోడరేటర్
ఆదివారం, ఉదయం 8:34

చాయ్ గారూ, చరిత్ర విభాగంలో ఇది విడిగా పెట్టండి, అందరూ చదువుతారు. ఇక్కడ వెన్నుపాము దగ్గరే ఉందాం.

అట్లాంటాఅల్లుడు
ఆదివారం, ఉదయం 9:05

నా పని ఈ వెన్నుపాముతోనే కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తా. వెన్నెముక వంకర సరిచేసే ఆపరేషన్లలో నరాల సిగ్నళ్ళు కాపలా కాసే టెక్నాలజిస్టుని. సర్జన్ స్క్రూలు బిగిస్తుంటాడు, నేను మూల కూర్చుని స్క్రీన్ మీద గీతలు చూస్తుంటా. గీత పడిపోతే అరవాలి, అదీ జీతం.

రెండు రకాలు చూస్తాం. ఒకటి కిందనుంచి పైకి: చీలమండ దగ్గర నరానికి చిన్న కరెంటు ఇస్తే అది వెన్ను వెంబడి పోయి నెత్తి మీద అంటించిన తీగలో కనిపిస్తుంది. సుమారు 37 మిల్లీసెకన్లు పడుతుంది. మణికట్టు నుంచి అయితే 20. రెండోది పైనుంచి కిందకి: నెత్తి మీద కరెంటు ఇస్తే కాలి బొటనవేలి కండరం కదలాలి.

ఇప్పుడు అసలు విషయం. థియేటర్లో గ్యాసు పెంచారనుకోండి, నాకు చెప్పక్కర్లేదు, స్క్రీన్ చెప్పేస్తుంది. బొటనవేలి సిగ్నల్ ముందు మాయమవుతుంది. కానీ అదే సమయంలో వెన్నుపాము పక్కనే తీగ పెట్టి చూస్తే మెదడు నుంచి దిగుతున్న సిగ్నల్ చక్కగా కనిపిస్తూ ఉంటుంది, గ్యాసుని అది పెద్దగా లెక్కచెయ్యదు. అంటే సిగ్నల్ వెన్ను దాకా దిగింది, అక్కడ్నుంచి కాలికి వెళ్ళే నరానికి అందలేదు. ఎందుకంటే ఆ మధ్యలో ఒక జాయింటు ఉంది, ఒక కణం ఇంకో కణానికి రసాయనంతో కబురు అందించే చోటు. పూర్తి మత్తు తీగని తెంపదు, జాయింటుని వదులు చేస్తుంది. నాకు పదేళ్ళ ఉద్యోగంలో మత్తు గురించి అర్థమైంది ఈ ఒక్క వాక్యమే.

అందుకే మా కేసుల్లో గ్యాసు బాగా తగ్గించి, పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్, దానికి తోడు నొప్పి మందు డ్రిప్పులో ఎక్కిస్తారు. ప్రొపొఫాల్ కూడా సిగ్నల్‌ని తగ్గిస్తుంది గానీ మాకు పని జరిగేంత మిగులుస్తుంది. కండరాల మందు గొట్టం వేసేటప్పుడు తప్ప ఇవ్వరు. ఈ మిషన్లు లేని రోజుల్లో ఏం చేసేవారో తెలుసా? 1973లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన పద్ధతి: ఆపరేషన్ మధ్యలో, వీపు తెరిచి ఉండగానే మత్తు తగ్గించి "కాళ్ళు కదపండి" అనేవాళ్ళు. కదిపితే మళ్ళీ మత్తు పెంచేవాళ్ళు. అవసరమైతే ఇప్పటికీ చేస్తారు, తర్వాత అడిగితే చాలామందికి గుర్తే ఉండదు.

పాలమూరుపిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఇదంతా పూర్తి మత్తు సంగతి కదా. నాకు రెండేండ్ల కింద సిజేరియన్ అయింది, నడుముకి సూది ఇచ్చిన్రు. మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని, మెత్తని పట్టుకుని, వీపు పిల్లి లెక్క వంచి కూసోమన్నరు. సూది పోయినంక ముందు పిరుదుల కింద వేడినీళ్ళు పోసినట్టు అనిపించింది, తర్వాత కాళ్ళు బరువు. డాక్టర్ స్పిరిట్ దూది పెట్టి "చల్లగా ఉందా" అని కింద నుంచి పైకి అడుక్కుంటూ వచ్చిండు. బొడ్డు కాడ చల్లదనమే లేదు, కానీ దూది తాకుతున్నట్టు తెలుస్తుంది! నాకు భయం మొదలైంది, తాకుడు తెలుస్తుంటే కోసుడు తెల్వదా అని. ఆపరేషన్ల కూడా కడుపుల ఎవరో మూట సర్దుతున్నట్టు, గుంజుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి మాత్రం సూది మొనంత లేదు. ఇంకోటి, బాబు ఏడుపు విన్నంక నాకు మస్తు నిద్ర ముంచుకొచ్చింది. నిద్ర మందు ఏమీ ఇయ్యలేదన్నరు. నడుముకి ఇచ్చిన మత్తు కండ్లకెట్ల ఎక్కింది?

సూదిమందు
ఆదివారం, మధ్యాహ్నం 3:25

అమ్మా, మీరు రాసినంత చక్కగా మా పీజీలు కూడా చెప్పరు. ఒక్కొక్కటీ చెబుతాను.

అట్లాంటా తమ్ముడు తీగ, జాయింటు అన్నాడు కదా, అదే పట్టుకోండి. నడుముకి ఇచ్చే బుపివకైన్ జాయింట్ల జోలికి పోనక్కర్లేదు, నేరుగా తీగనే ఆపేస్తుంది. నరంలో సిగ్నల్ అంటే సోడియం లోపలికి దూకడం, ఆ దూకే ద్వారానికి ఈ మందు లోపలివైపు నుంచి గడియ పెడుతుంది. సూది పడేది వెన్నుపాములోకి కాదు, ఇది చాలామందికి తెలీదు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర అయిపోతుంది. మేం ఇంకా కిందకి, మూడూ నాలుగు పూసల మధ్య గుచ్చుతాం. అక్కడ నీళ్ళలో నరాలు గుర్రం తోకలా వేలాడుతుంటాయి, సూది తగిలితే పక్కకి జరుగుతాయి.

అన్ని నరాలూ ఒకేసారి లొంగవు. రక్తనాళాలు బిగించి ఉంచే సన్న నరాలు ముందు పడిపోతాయి, మీకు వేడినీళ్ళలా అనిపించింది అందుకే, బీపీ తగ్గి వాంతి వచ్చినట్టుండేది కూడా అందుకే. తర్వాత చల్లదనం, నొప్పి. స్పర్శ ఇంకా మొండిది, ఆలస్యంగా పోతుంది, పై అంచుల్లో పోకుండా మిగులుతుంది కూడా. మేం దూదితో అడిగేది చల్లదనం గురించే, తాకడం గురించి కాదు. చల్లదనమూ నొప్పీ దాదాపు ఒకే జాతి నరాల్లో ప్రయాణిస్తాయి కాబట్టి ఒకటి పోతే రెండోదీ పోయినట్టు లెక్క.

నిద్ర సంగతి: మెలకువగా ఉండటానికి మెదడు తనంతట తానే కష్టపడదు, ఒంటి నుంచి వచ్చే రొద కూడా దాన్ని లేపి ఉంచుతుంది. సగం ఒంటి నుంచి కబుర్లు ఆగిపోతే బజారు మూసేసిన ఊరులా అయిపోతుంది. స్పైనల్ ఇచ్చినవాళ్ళకి నిద్రమందు మామూలుకంటే తక్కువ మోతాదు సరిపోతుందని కొలిచి చూశారు కూడా.

ఈ పద్ధతి మొదలుపెట్టిన బియర్ కథ చెప్పకుండా ఉండలేను. 1898, జర్మనీలో కీల్ ఊరు. ముందు తన వెన్నులో సూది వేయించుకున్నాడు, సిరంజి సరిగ్గా కుదరక వెన్నులోని నీరు కారిపోయింది. అప్పుడు అసిస్టెంటు హిల్డెబ్రాంట్ "నాకెయ్యండి" అన్నాడు. వేసి, మోకాలి కింది ఎముక మీద సుత్తితో కొట్టాడు, చుట్టతో కాల్చాడు, నొప్పి లేదు. ఆ రాత్రి ఇద్దరూ పండగ చేసుకున్నారు. తర్వాత రోజుల తరబడి ఇద్దరికీ తలనొప్పి! ఆ నీరు కారడం వల్ల వచ్చే తలనొప్పి, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గేది, ఇప్పటికీ కొందరికి వస్తుంది. సన్నటి సూదులు వచ్చాక బాగా తగ్గింది.

నిద్రలేనిరాత్రి
ఆదివారం, రాత్రి 11:48

నేను అడగాల్సిన చోటు ఇదేనేమో. నైట్ షిఫ్టులు, ఉదయం 8కి పడుకుంటా. నెలకి రెండు మూడుసార్లు మెలకువ వస్తుంది కానీ ఒళ్ళు కదలదు. కళ్ళు తిరుగుతాయి, ఫ్యాన్ కనిపిస్తుంది, రూమ్మేట్ ఫోన్లో మాట్లాడేది వినిపిస్తుంది, వేలు కదపలేను, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. అమ్మకి చెబితే "దెయ్యం కూర్చుంటుందిరా, తలగడ కింద కత్తెర పెట్టుకో" అంది. పెట్టుకున్నా, నిజం చెబుతున్నా నవ్వకండి 🙏 దీనికీ వెన్నుపాముకీ ఏమన్నా సంబంధం ఉందా? కలలో కుక్క తరుముతుంటే కాళ్ళు రాకపోవడం కూడా ఇదేనా?

ఫిజియాలజీపంతులు
సోమవారం, ఉదయం 6:02

ఎవరూ నవ్వరు నాయనా. కత్తెర తీసెయ్యి, నిద్రలో గుచ్చుకుంటుంది.

రాత్రి నిద్రలో నాలుగోవంతో, ఐదోవంతో కలల నిద్ర. కళ్ళు రెప్పల కింద గబగబా కదులుతాయి, మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత హడావిడిగా ఉంటుంది, ఒళ్ళు మాత్రం తడిగుడ్డలా వాలిపోతుంది. 1959లో లియోన్‌లో జువే అనే ఆయన పిల్లుల్లో ఇది చూసి, ఇదేం విడ్డూరపు నిద్ర అని దానికి ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు. మెదడు కాండంలో పాన్స్ అనే చోటు నుంచి ఒక ఆజ్ఞ దిగుతుంది, దారిలో ఇంకో మజిలీ దాటి వెన్నుపాముకి చేరుతుంది. అక్కడ కండరాలని నడిపే కణాల మీద గ్లైసిన్, గాబా అనే రసాయనాలు పడతాయి. రెండూ బ్రేకులు. ఊపిరి తీసే డయాఫ్రం, కళ్ళు తిప్పే కండరాలు మాత్రం ఆ బ్రేకు కిందకి రావు. అందుకే నీకు కళ్ళు కదులుతాయి, ఊపిరి ఆడుతుంది. పిల్లుల్లో పాన్స్‌లో ఆ చిన్న చోటుని దెబ్బతీస్తే, నిద్రలోనే లేచి లేని ఎలుక మీదికి దూకేవి.

నీ విషయంలో తెలివి ఒక అర నిమిషం ముందు వచ్చింది, బ్రేకు ఇంకా తియ్యలేదు. గుండెల మీద బరువు ఎందుకంటే, పక్కటెముకల మధ్య కండరాలు కూడా బ్రేకులోనే ఉన్నాయి, గట్టిగా ఊపిరి పీల్చుదామంటే రాదు. నిద్ర చాలనివాళ్ళకీ, షిఫ్టులు మారేవాళ్ళకీ, వెల్లకిలా పడుకునేవాళ్ళకీ ఎక్కువ వస్తుంది. పక్కకి తిరిగి పడుకో.

కలలో కుక్క సంగతి మాత్రం నేను ఒట్టేసి చెప్పను, అది కల లోపలి వ్యవహారం.

ఈ గ్లైసిన్ బ్రేకు ఎంత ముఖ్యమో మన పల్లెల్లో వాళ్ళకి వేరే దారిలో తెలుసు. ముషిణి గింజ విన్నారా, విషముష్టి అంటారు. అందులో ఉండే స్ట్రిక్నిన్ సరిగ్గా ఈ గ్లైసిన్ బ్రేకుని పట్టనివ్వదు. తలుపు చప్పుడైతే చాలు ఒళ్ళంతా కొయ్యబారి ఎగిరిపడుతుంది. ధనుర్వాతం కూడా అంతే, ఆ విషం కండరం నుంచి నరం వెంబడి ఎదురెక్కి వెన్నుపాముకి చేరి, బ్రేకు రసాయనం విడుదల కాకుండా చేస్తుంది. వీపు కండరాలు పొట్ట కండరాల కంటే బలమైనవి కాబట్టి మనిషి విల్లులా వంగుతాడు. ఆ పేరు పెట్టినవాళ్ళు మంచం పక్కన కూర్చుని చూసి పెట్టారు.

మత్తు గ్యాసులు, ప్రొపొఫాల్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం, గాబా, గ్లైసిన్ బ్రేకుల్ని ఇంకాస్త గట్టిగా పట్టేలా చేస్తాయి. నిద్రలో బ్రేకు తొక్కేది నీ మెదడే. మత్తులో మందు నేరుగా వెన్నుపాముకి వెళ్ళి తనే తొక్కుతుంది. జాయింటు అదే, బ్రేకు తొక్కే కాలు వేరు.

బెజవాడబుల్లోడు
సోమవారం, ఉదయం 9:30

మా మావయ్య (68) నిద్రలో లేని ఎలుక మీదికి కాదు, అత్తయ్య మీదికే దూకుతున్నాడు. పోయిన నెల కాలితో తంతే ఆవిడ మంచం మీంచి కింద పడింది. లేపితే "దొంగ వచ్చాడే, తరుముతున్నా" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వాలో లేదో తెలీట్లేదు.

సూదిమందు
సోమవారం, ఉదయం 11:15

నవ్వకండి, న్యూరాలజిస్టుకి చూపించండి. ఆ బ్రేకు పడకపోవడాన్ని జబ్బుగా గుర్తించింది 1986లో, అమెరికాలో. ఇలా మొదలైనవాళ్ళలో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత పార్కిన్సన్స్ లాంటివి కనిపిస్తున్నాయి. మావయ్యగారికి వస్తుందని కాదు, కానీ వాసన తెలియడం తగ్గిందా, నడక నెమ్మదించిందా, అక్షరాలు చిన్నవవుతున్నాయా అని డాక్టర్ అడుగుతారు, గమనించి వెళ్ళండి. ఈలోగా మంచం పక్కన గాజు సామాను తీసెయ్యండి, అత్తయ్యగారు కొన్నాళ్ళు వేరే మంచం వేసుకుంటే మంచిది.

కొత్తమెంబర్41
సోమవారం, మధ్యాహ్నం 12:05

సరే లాయర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ రెండు డౌట్లు. మత్తు కూడా నిద్ర లాంటిదే అయితే "నిద్రమందు ఇస్తాం" అంటే సరిపోతుంది కదా, ఇంత భయం ఎందుకు? రెండు, స్పైనల్ ఇస్తే జీవితాంతం నడుం నొప్పి అని మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు చెబుతారు, ముగ్గురూ అబద్ధం చెబుతారా?

సూదిమందు
సోమవారం, సాయంత్రం 5:40

"హాయిగా నిద్రపోతారు" అని రోజూ నేనే చెబుతాను. రోగి గుండె నెమ్మదించడానికి చెప్పే మాట అది, నిజం కాదు. నిద్రపోయేవాణ్ణి గిల్లితే లేస్తాడు, దోమ కుడితే పక్కకి తిరుగుతాడు, రాత్రంతా గాఢనిద్ర, కలల నిద్ర వంతులవారీగా వస్తుంటాయి. మత్తులో వంతులు లేవు, నేను గ్యాసు తియ్యనిదే లేవడు. దగ్గరి చుట్టం కావాలంటే నిద్ర కాదు, కోమా. మందు ఆపితే వెనక్కొచ్చే కోమా.

వెన్నుపాము దగ్గర ఒకటి రెండు పోలికలు ఉన్నమాట నిజం. గాఢనిద్రలో మోకాలి దగ్గర సుత్తితో తడితే కాలు అంత ఎగరదు, కలల నిద్రలో అయితే ఆ రకం ప్రతిచర్యలు దాదాపు పోతాయి. అరికాలు గీస్తే మామూలుగా బొటనవేలు కిందకి ముడుచుకోవాలి, గాఢనిద్రలో కొందరికి పైకి లేస్తుంది, మత్తు నుంచి తేరుకునేటప్పుడూ లేస్తుంది. మెలకువలో అలా లేస్తే మాత్రం మేం కంగారు పడతాం.

నడుం నొప్పి: మీ ఇంట్లో ముగ్గురూ నిజమే చెబుతున్నారు, నొప్పి ఉంది. కారణం దగ్గరే పేచీ. గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపుతుంది, అది సూదిదే. ఏళ్ళ తరబడి ఉండేదానికి సూది కారణం కాదని కాన్పులో నడుముకి మత్తు తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పోల్చి చూసిన పరీక్షల్లో తేలింది. తొమ్మిది నెలలు మోసిన బరువు, తర్వాత బిడ్డని చంకనేసుకుని చేసిన చాకిరీ ఎవరికీ గుర్తుండవు. సూది ఒక్కటే గుర్తుంటుంది, తేదీతో సహా.

పాలమూరుపిల్ల
సోమవారం, రాత్రి 8:50

డాక్టర్ సాబ్, ఎల్లుండి మా అత్తమ్మకి మోకాలు మార్చే ఆపరేషన్, స్పైనలే అన్నరు. ఆమె గురక పక్క వాడకి వినిపిస్తది. మధ్యమధ్యల ఊపిరి ఆగినట్టయి ఒక్కసారి గుర్రుమని మళ్ళ మొదలైతది. ఇది చెప్పాల్నా?

సూదిమందు
సోమవారం, రాత్రి 9:20

తప్పకుండా, ముందుగా చెప్పాల్సింది అదే. నాలుక, గొంతు కండరాలు కూడా నిద్రలో వదులవుతాయి, కలల నిద్రలో మరీ. దానిమీద నిద్రమందో, మార్ఫిన్ లాంటి నొప్పి మందో పడితే దారి మూసుకుపోతుంది. స్పైనల్ అయితే ఊపిరి ఆమెదే ఉంటుంది, మంచిదే. కానీ ఆపరేషన్ అయ్యాక మొదటి రాత్రి ఆక్సిజన్ క్లిప్పు వేలికి ఉంచమని అడగండి. నిద్రలో పెట్టుకునే మిషన్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

ఇంకో మాట, ముందే చెబుతున్నా, అక్కడ భయపడకండి. కాళ్ళు ఎక్కడున్నాయన్న విషయంలో ఆమె ఏదైనా వింతగా మాట్లాడొచ్చు.

పాలమూరుపిల్ల
గురువారం, మధ్యాహ్నం 2:30

ఆపరేషన్ మంచిగ అయింది. గురక గురించి చెప్పినం, క్లిప్పు పెట్టిన్రు, రాత్రంతా అది పీకుపీకుమంటుంటే నాకే నిద్ర లేదు.

మీరన్న వింత జరిగింది. బయటికి తీసుకొచ్చినంక అత్తమ్మ తెలివిగనే మాట్లాడుతుంది, చాయ్ అడుగుతుంది. కాసేపటికి "పొల్లా, కాళ్ళు ముడుసుకోని ఉన్నయి, జర సాపు" అన్నది. రెండు కాళ్ళు బల్లపరుపు లెక్క చాపే ఉన్నయి! దుప్పటి తీసి చూపించిన. అటు చూసి, ఇటు చూసి, "గవి ఎవలివి?" అన్నది. నాకు నవ్వాగలేదు. సూది ఇచ్చేటప్పుడు పక్కకి పండబెట్టి మోకాళ్ళు కడుపుకి ముడవమన్నరట, గదే లెక్క ఆమె మనసుల ఉండిపోయింది. సాయంత్రం ఐదింటికి బొటనవేలు కదిలింది, అప్పుడు "ఆ, ఇవి నావే" అన్నది.

సూదిమందు
గురువారం, సాయంత్రం 6:05

అదే. కబుర్లు ఆగిపోయేటప్పుడు చివరగా అందిన చిరునామానే మెదడు దగ్గర పెట్టుకుంటుంది. 1974లోనే దీని మీద బ్రోమేజ్, మెల్జాక్ రాశారు. అత్తమ్మగారిని రేపు నడిపిస్తారు, నొప్పి మందు వేళకి వేయించండి, ఓర్చుకోమని చెప్పకండి.

గోదారిగట్టు
గురువారం, రాత్రి 9:12

ఈ చర్చ మొత్తం నాన్నకి చదివి వినిపించా, కప్ప దగ్గర్నుంచి అత్తమ్మగారి కాళ్ళ దాకా. అంతా విని "కాలు లాక్కుంటే లాక్కుంది లేరా. ఇంతకీ ఆ మేకలు బతికాయా?" అంటున్నారు. పంతులుగారూ?